ఆర్‌బీపీ4 గెల్ మీద చక్కగా కనిపిస్తోంది, రెటినాల్‌ను మాత్రం పట్టుకోవడం లేదు: తప్పు ఎక్కడుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మనిషి ఆర్‌బీపీ4ను, అంటే రక్తంలో విటమిన్ ఎ ని మోసే ప్రోటీన్‌ను, ఈ. కోలైలో చేయించారు. అది ఇన్‌క్లూజన్ బాడీల్లోకి, అంటే బ్యాక్టీరియా లోపల కరగకుండా పేరుకునే ప్రోటీన్ ముద్దల్లోకి, పోయింది. 8 మోలార్ యూరియాలో కరిగించి, నికెల్ కాలమ్ వేసి, డయాలసిస్‌తో యూరియా తీసేసి, ఆ తరువాత రెటినాల్ కలిపారు. గెల్ మీద ఒకటే బ్యాండ్. అయినా రెటినాల్ కనిపించాల్సిన 330 నానోమీటర్ల దగ్గర శిఖరం లేదు, రక్తంలో దానికి జోడీగా ఉండే ప్రోటీన్ ట్రాన్స్‌థైరెటిన్‌తోనూ (10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లో చూశారు) కలవడం లేదు. కొన్న వైల్‌తో చేస్తే సగం ఫలితమే వచ్చింది. ఇంట్లో చేసుకోవాలా, కొనుక్కోవాలా?

సూటిగా చెప్తాను. మీ ప్రోటీన్ మడత సరిగా పడలేదు. కారణాలు రెండు: రెటినాల్ ఆలస్యంగా కలిపారు, డైసల్ఫైడ్‌లు (రెండు సిస్టీన్ల గంధకాల మధ్య ముడులు) సరిచేసుకునే రెడాక్స్ జంట బఫర్‌లో లేదు. మడత పడుతున్నప్పుడే రెటినాల్ ఉండాలి, సిస్టీన్-సిస్టిన్ (సిస్టిన్ అంటే రెండు సిస్టీన్లు ముడిపడ్డ రూపం) లాంటి జంట కూడా అప్పుడే ఉండాలి. మీ బ్యాచ్‌ను పారేయక్కర్లేదు, మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టొచ్చు. బైండింగ్ పనులకు ఇంట్లో చేసుకోవడమే మేలు. కణాల మీద, ముఖ్యంగా మాక్రోఫేజ్‌ల (రోగనిరోధక కణాల) మీద పని అయితే మామాలియన్ (క్షీరదాల) కణాల్లో చేసినది కొనండి.

ముందు పేరు సరిచూసుకోండి

కేటలాగుల్లో ఈ పేర్లు బాగా కలగాపులగం అవుతాయి. ఆర్‌బీపీ1, ఆర్‌బీపీ2 కణం లోపలివి. 15–16 కిలోడాల్టన్లు ఉంటాయి, కొవ్వు ఆమ్లాలను పట్టుకునే ప్రోటీన్ల కుటుంబానికి చెందినవి, డైసల్ఫైడ్‌లు ఉండవు. ఆర్‌బీపీ3 రెటీనాలో కణాల మధ్య ఉండే పెద్ద గ్లైకోప్రోటీన్. అమ్మేవాటిలో చాలావరకు దాని ముక్కలే ఉంటాయి. ఆర్‌బీపీ4 రక్తంలోది, లిపోకాలిన్ అనే గిన్నె ఆకారపు ప్రోటీన్ల కుటుంబానిది. ఇక ఆర్‌బీబీపీ4 అనేది మరొకటి ఉంది. దానికీ రెటినాల్‌కూ సంబంధం లేదు, అది రెటినోబ్లాస్టోమా ప్రోటీన్‌తో కలిసే కేంద్రక ప్రోటీన్. ఆర్డరు ఫారంలో ఒక అక్షరం ఎక్కువ పడి ఆ వైల్ వచ్చిందంటే ఏ బఫర్ మార్చినా ప్రయోజనం లేదు.

మీకు ఆర్‌బీపీ1 చాలనుకుంటే పని చాలా తేలిక. బీఎల్21 అనే ఈ. కోలై రకంలో 18–20 డిగ్రీల దగ్గర కరిగే రూపంలోనే వస్తుంది. ఒక మిల్లీమోలార్ డీటీటీ (డైసల్ఫైడ్‌లను విడదీసే రసాయనం) ఉంచి, చివర్లో రెటినాల్ కలిపినా పట్టుకుంటుంది. మీ పద్ధతి ఆర్‌బీపీ1కు సరిపోయేదే. ఆర్‌బీపీ4కు సరిపోదు.

ఎందుకు సరిపోదు

కనాయ్, రాజ్, గుడ్‌మన్ 1968లో మనిషి ప్లాస్మా నుంచి వేరుచేసిన ప్రోటీన్ ఇది. కణం బయటికి పంపేటప్పుడు తెగిపోయే సిగ్నల్ భాగం 18 అమైనో ఆమ్లాలు పోగా మిగిలేది 183. ఎనిమిది బీటా తంతువులు చుట్టుకుని గిన్నెలా ఏర్పడతాయి, రెటినాల్ దాని లోపల కూర్చుంటుంది. గిన్నెను బిగించి ఉంచేవి మూడు డైసల్ఫైడ్‌లు: 4–160, 70–174, 120–129. ఆరు సిస్టీన్లు జంటలుగా కలవడానికి 15 దారులు ఉన్నాయి, వాటిలో సరైనది ఒక్కటే. యూరియా తీసేస్తూ గాలి తగలనిస్తే సిస్టీన్లు ఏది దగ్గరుంటే దానితో కలిసిపోతాయి. రెడాక్స్ జంట ఉంటే తప్పుడు జత విడిపోయి మళ్లీ ప్రయత్నించే వీలుంటుంది. లేకపోతే మొదట పడ్డ ముడే ఖాయమవుతుంది.

రెటినాల్ పాత్ర ఇక్కడే. గిన్నె సగం మడత పడ్డప్పుడు లోపలి నీటిని ఇష్టపడని గోడలు బయటికి తెరిచి ఉంటాయి, ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి. రెటినాల్ ఉంటే ఆ గోడలు దాని చుట్టూ మూసుకుంటాయి. కాలేయ కణంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. విటమిన్ ఎ లేనప్పుడు ఈ ప్రోటీన్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోనే ఆగిపోతుంది, రెటినాల్ అందగానే రక్తంలోకి విడుదలవుతుంది.

మరో విషయం, యూరియా. నిలవ ఉన్నకొద్దీ అందులో సయనేట్ పుడుతుంది, అది లైసిన్లకూ ఎన్-చివరకూ అతుక్కుంటుంది. రాత్రంతా గది ఉష్ణోగ్రతలో ఉంచితే అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్‌లో 43 డాల్టన్ల మెట్లు కనిపిస్తాయి. గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌కు మారండి.

కన్‌స్ట్రక్ట్

ట్యాగ్ (నికెల్ కాలమ్‌కు అతుక్కునేందుకు చేర్చిన హిస్టిడిన్ల తోక) సి-చివరన ఉంటే మార్చండి. చివరి కొన్ని అమైనో ఆమ్లాలు ట్రాన్స్‌థైరెటిన్‌ను తాకే చోటులో భాగం. అక్కడ ఆరు హిస్టిడిన్లు వేలాడుతుంటే మడత సరిగా పడినా బైండింగ్ తగ్గుతుంది. ఎన్-చివర గిన్నె అడుగు వైపు ఉంటుంది, కాబట్టి ట్యాగ్ అక్కడ పెట్టి టీఈవీ అనే కోత ఎంజైమ్‌తో కోసేయండి. నాలుగో స్థానంలోనే సిస్టీన్ ఉంది గనుక ట్యాగ్‌కూ ప్రోటీన్‌కూ మధ్య కొంచెం లింకర్ ఉంచండి. కోసేటప్పుడు డీటీటీ వేయకండి, కట్టిన డైసల్ఫైడ్‌లు విడిపోతాయి. 3 మిల్లీమోలార్ రెడ్యూస్డ్ గ్లూటాథయోన్, 0.3 మిల్లీమోలార్ ఆక్సిడైజ్డ్ గ్లూటాథయోన్‌లో టీఈవీ నిదానంగానైనా పనిచేస్తుంది.

ట్యాగ్ లేకుండా చేసినా బాగుంటుంది. ఇన్‌క్లూజన్ బాడీలను సరిగా కడిగితే నికెల్ కాలమ్ అవసరమే పడదు. ట్యాగ్ లేని రూపంలో మొదటి మెథియోనిన్ మిగిలిపోతుంది, ఎందుకంటే దాని పక్కన గ్లుటమేట్ ఉంది, ఆ జతను బ్యాక్టీరియా ఎంజైమ్ కోయదు. సహజ ప్రోటీన్ బరువు సుమారు 21,065 డాల్టన్లు, మీ దానికి 131 ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి.

పెంచడం, కడగడం

బీఎల్21 (డీఈ3), పీఈటీ వెక్టర్, 37 డిగ్రీలు, ఓడీ (కల్చర్ మసక) 0.6–0.8 దగ్గర ఒక మిల్లీమోలార్ ఐపీటీజీ (ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం), 4 గంటలు. దీని మీద ఎక్కువ సమయం పెట్టొద్దు, ప్రోటీన్ ఎటూ బాగానే వస్తుంది. ఉష్ణోగ్రత తగ్గించి కరిగే రూపంలో తీయాలన్న ప్రయత్నం మామూలు బీఎల్21లో నెలలు తినేస్తుంది.

కడగడం మాత్రం శ్రద్ధగా చేయండి. పగలగొట్టిన కణాలను 15,000 జి దగ్గర 20 నిమిషాలు తిప్పి, ఆ ముద్దను 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.0, 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100తో రెండుసార్లు, ఒక మోలార్ ఉప్పుతో ఒకసారి, చివర్లో డిటర్జెంట్ లేని బఫర్‌తో కనీసం రెండుసార్లు కడగండి. ప్రతిసారీ ముద్దను గాజు హోమోజినైజర్‌తో నలపాలి. పైపెట్‌తో కదిపితే లోపలి గడ్డ అలాగే ఉంటుంది. మొదట గోధుమరంగులో జిగురుగా ఉండే ముద్ద చివరికి సున్నంలా తెల్లగా, పొడిపొడిగా విరిగేలా రావాలి. ట్రైటాన్ మిగిలితే పెద్ద మోసం జరుగుతుంది. దాని మైసెల్స్‌లో (డిటర్జెంట్ అణువుల సూక్ష్మ గుంపుల్లో) రెటినాల్ హాయిగా కరుగుతుంది, 330 దగ్గర శిఖరం ఇస్తుంది. ప్రోటీన్ పట్టుకుందని మీరు అనుకుంటారు.

విప్పడం, మళ్లీ మడత పెట్టడం

6 మోలార్ గ్వానిడిన్, 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.5, 10 మిల్లీమోలార్ డీటీటీ. రాత్రంతా గది ఉష్ణోగ్రతలో కదుపుతూ ఉంచి, పొద్దున్నే తిప్పి పైనున్న ద్రవం తీసుకోండి. ఎంఎల్‌కు 10 మిల్లీగ్రాముల దగ్గరికి సరిచేయండి.

మడత బఫర్ ఒక లీటరు: 25 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.8, 150 మిల్లీమోలార్ ఉప్పు, ఒక మిల్లీమోలార్ ఈడీటీఏ, 3 మిల్లీమోలార్ సిస్టీన్, 0.3 మిల్లీమోలార్ సిస్టిన్. సిస్టిన్ మామూలు నీటిలో సరిగా కరగదు, 0.3 మిల్లీమోలార్ అంటే దాదాపు దాని హద్దు. ముందు కొద్దిపాటి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో పూర్తిగా కరిగించి, కదిలే బఫర్‌లో సన్నగా పోసి, పీహెచ్ మళ్లీ చూసుకోండి. సిస్టీన్ మాత్రం వాడే ముందే తూచి కలపండి, నిన్నటి స్టాక్ ఈరోజుకు సిస్టిన్ అయిపోయి ఉంటుంది. బఫర్‌ను 4 డిగ్రీలకు చల్లార్చి అరగంట నైట్రోజన్ పోనివ్వండి. ట్రిస్ పీహెచ్ చల్లారితే పెరుగుతుంది గనుక 4 డిగ్రీల దగ్గరే సరిచేయాలి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని లెక్క. విప్పిన ద్రావణంలో 10 మిల్లీమోలార్ డీటీటీ ఉంది. దాన్ని 20 రెట్లు పలచన చేస్తే మడత బఫర్‌లోకి 0.5 మిల్లీమోలార్ వస్తుంది. మీ సిస్టిన్ ఉన్నదే 0.3. డీటీటీ దాన్నంతా సిస్టీన్‌గా మార్చేస్తుంది, డైసల్ఫైడ్ కట్టడానికి ఆక్సిడైజర్ మిగలదు. 100 రెట్లు పలచన చేస్తే వచ్చేది 0.1, సిస్టిన్ 0.2 మిగులుతుంది. అది చాలు. కాబట్టి 10 ఎంఎల్‌ను ఒక లీటరులోకి. ప్రోటీన్ చివరికి ఎంఎల్‌కు 0.1 మిల్లీగ్రాము, అంటే సుమారు 4.7 మైక్రోమోలార్. ఇంతకు మించొద్దు. చోటు చాలక 0.5 మిల్లీగ్రాముతో చేస్తే తెల్లటి దారాలు తేలడం ఖాయం.

రెటినాల్: ఆల్-ట్రాన్స్, ఇథనాల్‌లో 10 మిల్లీమోలార్ స్టాక్. దీన్ని సీసా మీద రాసిన బరువుతో లెక్కకట్టకండి. ఇథనాల్‌లో వెయ్యి రెట్లు పలచన చేసి 325 నానోమీటర్ల దగ్గర చదవండి. శోషణ గుణకం 52,770 గనుక 10 మిల్లీమోలార్ స్టాక్ అయితే 0.53 రావాలి. 0.35 వస్తే మూడోవంతు చెడిపోయినట్టే. లీటరుకు 1.2 ఎంఎల్ స్టాక్ పడుతుంది, ప్రోటీన్‌కు రెండున్నర రెట్లు. ఇథనాల్ 0.12 శాతమే గనుక హాని లేదు.

అంతా ఒక్కసారి పోయొద్దు. మూడోవంతు రెటినాల్ ముందు బఫర్‌లో వేసి, ప్రోటీన్‌ను సిరంజి పంపుతో రెండు మూడు గంటల మీద చుక్కచుక్కగా వదులుతూ, మిగిలిన రెటినాల్‌ను మధ్యలో రెండుసార్లు కలపండి. చుక్క పడేచోట నీరు బాగా తిరుగుతుండాలి, కానీ నురగ రాకూడదు. పాత్ర గాజుదే అయి ఉండాలి, రెటినాల్ ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. మొత్తానికి అల్యూమినియం రేకు చుట్టి, గదిలో ఎర్ర బల్బు వాడి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయండి.

పొద్దున అడుగున తెల్లగా కనిపిస్తే వెంటనే ప్రోటీన్ పోయిందని నిరాశపడకండి. ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టండి. ఆరు భుజాల పలకలు మెరుస్తూ కనిపిస్తే అవి సిస్టిన్ స్ఫటికాలు, సిస్టీన్ గాలికి ఆక్సీకరణ చెంది పుట్టినవి. ప్రోటీన్ గడ్డకు ఆకారం ఉండదు, పీచులా తేలుతుంది. ఈ తేడా చూడకుండా మంచి బ్యాచ్‌లు సింకులో పోసినవాళ్లు ఉన్నారు.

శుద్ధి

15,000 జి దగ్గర అరగంట తిప్పి, గాఢత పెంచి, 20 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.0లోకి డయాలసిస్ చేయండి. ఉప్పు పోకపోతే తరువాతి కాలమ్ పట్టదు. క్యూ కాలమ్ (విద్యుదావేశాన్ని బట్టి వేరుచేసేది) మీద వేసి సున్నా నుంచి 0.5 మోలార్ ఉప్పు గ్రేడియంట్, తరువాత పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్. 280తో పాటు 330 కూడా నమోదు చేయండి. మొదట్లో, వాయిడ్ వాల్యూమ్‌లో, వచ్చే పెద్ద 330 శిఖరం అంతా గడ్డలకు అంటుకున్న రెటినాల్. దాన్ని కలుపుకోవద్దు. మీకు కావాల్సింది 21 కిలోడాల్టన్ల చోట, 280, 330 రెండూ కలిసి లేచి కలిసి పడే శిఖరం.

365 నానోమీటర్ల చేతి యూవీ లాంప్ ఉంటే చీకట్లో కాలమ్ మీద ఒక్క క్షణం వేసి చూడండి. హోలో రూపం, అంటే రెటినాల్‌ను పట్టుకున్నది, నీలి ఆకుపచ్చ పట్టీలా మెరుస్తూ దిగుతుంది. క్షణం అన్నది మాట వరసకు కాదు. అదే వెలుగు రెటినాల్‌ను చంపుతుంది, అర నిమిషం అలాగే పట్టుకుంటే మెరుపు తగ్గడం కంటితోనే కనిపిస్తుంది.

దీనికన్నా మంచి దారి ట్రాన్స్‌థైరెటిన్ కట్టిన సెఫరోజ్ కాలమ్. మామూలు ఉప్పులో హోలో ఆర్‌బీపీ4 అతుక్కుంటుంది, ఉప్పు దాదాపు లేని 2 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.0 పోస్తే వదిలేస్తుంది. మడత తప్పినది అసలు అతుక్కోదు. ఒకే అడుగులో శుద్ధీ, పరీక్షా రెండూ అయిపోతాయి. ట్రాన్స్‌థైరెటిన్ ఈ. కోలైలో కరిగే రూపంలో సులువుగా వస్తుంది గనుక ఒక్కసారి కాలమ్ చేసుకుంటే చాలాకాలం వాడుకోవచ్చు. ఈ ప్రోటీన్ మీద ఆరు నెలలకు మించి పని ఉన్నవాళ్లందరికీ నా గట్టి సలహా ఇదే.

గెల్‌ను ఎందుకు నమ్మకూడదు

ఎస్‌డీఎస్ గెల్‌లో ప్రోటీన్‌ను ఎటూ విప్పేస్తాం. 95 శాతం శుద్ధి అంటే పక్క ప్రోటీన్లు లేవని మాత్రమే, మీ ప్రోటీన్ సరైనదని కాదు. అమ్మేవాళ్ల కాగితం మీద ఉండేదీ చాలాసార్లు ఈ అంకె ఒక్కటే. గెల్ వాడితే ఇలా వాడండి: ఒకే నమూనాను డీటీటీతో ఒక గుంటలో, డీటీటీ లేకుండా మరో గుంటలో. మధ్యలో రెండు గుంటలు ఖాళీ వదలండి, డీటీటీ పక్కకు పాకుతుంది. సరిగా ముడిపడ్డది బిగుతుగా ఉండి కొంచెం కిందికి దిగుతుంది, సన్నటి గీతలా ఉంటుంది. అలుక్కుపోయినట్టు, లేదా 42 కిలోడాల్టన్ల దగ్గర జంటగా కనిపిస్తే డైసల్ఫైడ్‌లు కలగలిసిపోయాయి. మీ ప్రస్తుత బ్యాచ్‌ను రేపే ఇలా వేసి చూడండి.

తరువాత స్పెక్ట్రమ్. 250 నుంచి 450 వరకు పూర్తిగా తీయండి, రెండు అంకెలు మాత్రం చదివి ఆపొద్దు. మంచి హోలోలో 330 దగ్గర నున్నటి గుండ్రటి శిఖరం ఉంటుంది, 280తో నిష్పత్తి 1 దగ్గరికి వస్తుంది. 0.8 కన్నా తక్కువైతే గణనీయంగా ఖాళీ ప్రోటీన్ ఉన్నట్టు. 420 తరువాత గీత సున్నాకు ఆనుకోవాలి. ఆనకపోతే ద్రావణం మసకగా ఉంది, కాంతి చెదిరి 330 అంకెను ఉబ్బిస్తోంది. 350, 370, 390 దగ్గర మూడు మొనలు కనిపిస్తే ఆమ్లం తగిలి రెటినాల్ కాస్తా అన్‌హైడ్రోరెటినాల్ అయింది.

లెక్క ఇలా: ప్రోటీన్‌లో ఉన్న రెటినాల్‌కు 330 దగ్గర గుణకం 46,000. మీ రీడింగ్ 0.46 అయితే రెటినాల్ 10 మైక్రోమోలార్. ప్రోటీన్‌ను బ్రాడ్‌ఫర్డ్ రంగు పరీక్షతో కొలిచారనుకుందాం, ఎంఎల్‌కు 0.25 మిల్లీగ్రాము, అంటే 11.9 మైక్రోమోలార్. నిండింది 84 శాతం. ప్రోటీన్‌ను 280తో కొలిస్తే రెటినాల్ కూడా అక్కడ కొంత పీలుస్తుంది గనుక అంకె పెరుగుతుంది. రాగితో రంగు వచ్చే బీసీఏ పరీక్ష వాడితే మిగిలిన సిస్టీన్ రాగిని రెడ్యూస్ చేసి తప్పుడు రంగు ఇస్తుంది.

చివరి పరీక్ష ట్రాన్స్‌థైరెటిన్. సమాన మోలార్లు, ఒక్కోటి 10 మైక్రోమోలార్ కలిపి, 150 మిల్లీమోలార్ ఉప్పులో గంట ఉంచి సూపర్‌డెక్స్ 200 జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్ మీద వేయండి. 21 చోట ఉన్న 330 శిఖరం 76 వైపు జరగాలి (55 కిలోడాల్టన్ల ట్రాన్స్‌థైరెటిన్, దాని మీద ఒక ఆర్‌బీపీ4). బఫర్‌లో ఉప్పు లేకపోతే మంచి ప్రోటీన్ కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది. మీరు వాడిన 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లో ఉప్పు రాయలేదు, అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.

ఖాళీ రూపం కావాలంటే

రెటినాల్ కొంచెం కొంచెంగా కలిపి బైండింగ్ కొలవడానికి (టైట్రేషన్) అపో, అంటే రెటినాల్ లేని ఖాళీ ప్రోటీన్, కావాలి. హోలో చేసి, సమాన పరిమాణం డైఇథైల్ ఈథర్‌తో 4 డిగ్రీల దగ్గర మెల్లగా దొర్లించి, పై పొర తీసేస్తూ నాలుగైదుసార్లు చేయండి. గట్టిగా ఊపితే మధ్య పొరలో ప్రోటీన్ తెల్లగా పేరుకుపోతుంది. 330 దగ్గర మిగిలింది 5 శాతం కంటే తగ్గాక నైట్రోజన్‌తో ఈథర్ వాసన పోగొట్టండి. పాత సీసాలోని ఈథర్‌లో పెరాక్సైడ్‌లు ఉంటాయి, పరీక్ష కాగితంతో చూసి, ఫ్యూమ్ హుడ్‌లోనే, మంట దగ్గర లేకుండా చేయాలి.

టైట్రేషన్‌లో 280 దగ్గర ఉత్తేజపరిచి 340 దగ్గర తగ్గుదల చూడండి, లేదా 330 దగ్గర ఉత్తేజపరిచి 470 దగ్గర పెరుగుదల. రెండూ చూస్తే ఇంకా మంచిది. డిసోసియేషన్ స్థిరాంకం (తక్కువైతే పట్టు గట్టిదని అర్థం) 0.1–0.2 మైక్రోమోలార్ చుట్టూ వస్తుంది. రెటినాల్ తనే 280 దగ్గర కాంతిని పీల్చి తగ్గుదలను ఎక్కువ చేసి చూపిస్తుంది. అదే గాఢతలో ఎన్-ఎసిటైల్ ట్రిప్టోఫానమైడ్‌తో ఒక వరుస పక్కనే చేసి, ఆ తగ్గుదలతో సరిచేయండి. అది చేయని గ్రాఫు అందంగా ఉన్నా దాని అంకె తప్పు.

కొన్న వైల్ సగమే ఎందుకు పనిచేసింది

ఎండబెట్టిన పొడిగా వచ్చేవాటిలో రెటినాల్ ఉందని కాగితం మీద రాసి ఉంటే తప్ప ఉందనుకోవద్దు. సీసా కాగితంలో ఇవి చూడండి: ఏ కణంలో చేశారు, ఏ అమైనో ఆమ్లం నుంచి ఏ దాకా (19–201 అని ఉంటే సిగ్నల్‌తో కలిపి లెక్కించారు, మన 1–183 అదే), ట్యాగ్ ఏ చివర, ఆల్బుమిన్ కలిపారా. ఆల్బుమిన్ ఉంటే బైండింగ్ పనికి వాడకండి, అది కూడా రెటినాల్‌ను పట్టుకుంటుంది. ఎండాకాలంలో పార్సెల్ వచ్చినప్పుడు డ్రై ఐస్ మిగిలిందో లేదో పెట్టె తెరవగానే రాసిపెట్టుకోండి. తరువాత అడగడానికి ఆధారం ఉంటుంది.

ఎలైజా (యాంటీబాడీతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) స్టాండర్డ్‌గా వాడేవాళ్లకు ఒక మాట. ఆర్‌బీపీ4కూ ఇన్సులిన్ నిరోధానికీ సంబంధం ఉందని 2005లో వచ్చాక వేర్వేరు చోట్ల అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు. కొలిచే పద్ధతుల్లోని లోపాలు అందులో పెద్ద భాగమని 2007లో గ్రాహం, కాన్ బృందం చూపించింది. సీరంలో ప్రోటీన్ ట్రాన్స్‌థైరెటిన్‌తో కలిసి ఉంటుంది, మీ స్టాండర్డ్ ఒంటరిగా, కొన్నిసార్లు మడత తప్పి ఉంటుంది. యాంటీబాడీకి రెండూ ఒకేలా కనిపించవు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో చివరి ఒకటి రెండు ల్యూసిన్లు తెగిన రూపాలు కూడా పెరుగుతాయి, మాస్ స్పెక్‌లో 113, 226 డాల్టన్ల తేడాగా కనిపిస్తాయి. హైదరాబాదులో పోషకాహార సర్వేల నమూనాలతో పనిచేసే మీలాంటివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. రేచీకటి ముప్పు ఎవరికుందో తేల్చడానికి రెటినాల్ బదులు ఈ ప్రోటీన్‌నే కొలిచేచోట స్టాండర్డ్ తప్పితే లెక్క మొత్తం జరిగిపోతుంది.

కణాల మీద వేసేముందు

ఈ. కోలై ప్రోటీన్‌తో ఎండోటాక్సిన్, అంటే ఆ బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం, వస్తుంది. ఆర్‌బీపీ4 మంటను రేపుతుందా అని అడిగే ప్రయోగంలో ఎండోటాక్సిన్ ఒక్కటే ఆ జవాబు ఇచ్చేయగలదు. సీరం స్థాయి ఎంఎల్‌కు 40–60 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాముకు 0.1 యూనిట్ ఎండోటాక్సిన్ అని రాసి ఉన్న వైల్‌తో 50 మైక్రోగ్రాములు వేస్తే ఎంఎల్‌కు 5 యూనిట్లు పడతాయి, మాక్రోఫేజ్‌లు లేవడానికి అది చాలు. అందుకే మామాలియన్ కణాల్లో చేసినది కొనమన్నాను. తప్పదంటే విప్పిన స్థితిలోనే ట్రైటాన్ ఎక్స్-114తో తీసి, బాగా కడగాలి. ఒక కంట్రోల్ తప్పకుండా పెట్టండి: అదే ప్రోటీన్‌ను 20 నిమిషాలు మరిగించినది. మరిగించాక కూడా టీఎన్‌ఎఫ్ (మంటను సూచించే ప్రోటీన్) వస్తే అది ఆర్‌బీపీ4 పని కాదు, ఎండోటాక్సిన్ మరుగుకు చావదు. రెటినాల్ ఒంటరిగా వేసిన కంట్రోల్ కూడా ఉండాలి, కణం దాన్ని రెటినోయిక్ ఆమ్లంగా మార్చి జన్యువులను కదిలిస్తుంది.

నిలవకు: ఎంఎల్‌కు ఒక మిల్లీగ్రాము, 50 మైక్రోలీటర్ల చిన్న వాటాలు, ముదురు రంగు ట్యూబులు, పైన ఆర్గాన్, ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు. మంచు మీద చీకట్లో ఉంచితే ఆ రోజు పని నడుస్తుంది. మరుసటి రోజు వాడేముందు 330 మళ్లీ చదవండి.

మీ చేతిలో ఉన్న బ్యాచ్‌కు: గ్వానిడిన్ 6 మోలార్, డీటీటీ 10 మిల్లీమోలార్‌కు తెచ్చి రాత్రంతా ఉంచి, పైన చెప్పిన మడతను ముందు 50 ఎంఎల్‌లో చేసి చూడండి. దానికి అర ఎంఎల్ ప్రోటీన్, 60 మైక్రోలీటర్ల రెటినాల్ స్టాక్ సరిపోతాయి. రెటినాల్ లేకుండా ఇంకో 50 ఎంఎల్ పక్కన పెట్టండి. రెండింటి స్పెక్ట్రమ్‌లూ, డీటీటీ లేని గెల్ ఫొటో ఇక్కడ పెడితే తరువాత ఏం మార్చాలో చూసి చెప్తాను.